యలవర్తి నాయుడమ్మ

యలవర్తి నాయుడమ్మ (సెప్టెంబర్ 10, 1922 - జూన్ 23, 1985) ప్రముఖ చర్మ సాంకేతిక శాస్త్రవేత్త. మద్రాసులోని కేంద్ర తోళ్ళ పరిశోధనా సంస్థకు 1958 నుండి 1971 వరకు సంచాలకుడుగా, ఆ తరువాత 1977 వరకు శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి (సి.ఎస్.ఐ.ఆర్.)కి డైరెక్టర్ జనరల్‌గా, 1981-82లో ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేశాడు. 1971లో భారత ప్రభుత్వం పద్మశ్రీ పురస్కారంతో గౌరవించింది. 1985లో ఐర్లండు తీరాన కూలిపోయిన ఎయిర్ ఇండియా కనిష్క విమానంలో ప్రయాణిస్తూ మరణించాడు.

జంతు చర్మం కొల్లాజెన్ అనే సహజ పాలిమర్‌తో ఏర్పడిన పొర. ఆ పొర గుణం ముడిసరుకు మీద ఎంత ఆధారపడుతుందో, దానిని తయారుచేసే పరిస్థితుల మీద అంతకు తక్కువ కాకుండా ఆధారపడుతుంది. ఆమ్లత, ఉష్ణోగ్రత, ఉప్పు పాలు, కాలము, తేమ - వీటిలో ఏ ఒక్కటి మారినా అదే చర్మం వేరే వస్తువు అవుతుంది. ఈ విషయాన్ని ప్రయోగశాలలో పరిశీలించి, తోలు పని చేసే సామాన్యుని చేతికి అందించడం నాయుడమ్మ జీవితకాలపు కృషి. నేడు ఇంధన ఘటాల కొరకు పాలిమర్ పొరలను తయారుచేసే పరిశోధకులకు ఎదురయ్యే సమస్యలు చాలావరకు ఈ కోవకు చెందినవే.

బాల్యం, విద్యాభ్యాసం

నాయుడమ్మ గుంటూరు జిల్లాలో తెనాలికి సమీపాన ఉన్న యలవర్రు గ్రామంలో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. ఈ గ్రామం అమృతలూరు మండలానికి చెందినది. 2022లో జరిగిన జిల్లాల పునర్విభజన తరువాత బాపట్ల జిల్లాలో చేరింది. ప్రాథమిక విద్య స్వగ్రామంలో సాగింది. గుంటూరులోని ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో ఇంటర్మీడియెట్ చదివి, కాశీ హిందూ విశ్వవిద్యాలయం నుండి పట్టభద్రుడయ్యాడు. తరువాత మద్రాసులో తోళ్ళ సాంకేతిక విద్యను అభ్యసించాడు. ఉన్నత విద్యకై అమెరికా వెళ్ళి, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని లీహై విశ్వవిద్యాలయంలో చర్మ రసాయనశాస్త్రంలో పరిశోధన చేసి పిహెచ్.డి. పట్టం పొందాడు.

ఆ రోజులలో తోలు పని అంటరానితనంతో ముడిపడి ఉండేది. చచ్చిన పశువును తొలగించడం మొదలు చెప్పులు కుట్టడం వరకు ఆ పని అంతా కొన్ని కులాలవారికే అప్పగించి, ఆ పని చేసినందుకే వారిని ఊరికి దూరంగా ఉంచేవారు. చదువుకున్న యువకులు ఇంజనీరింగు, వైద్యం, ప్రభుత్వోద్యోగం వైపు చూసే కాలంలో వ్యవసాయ కుటుంబంలో పుట్టినవాడు తోళ్ళ శాస్త్రాన్ని ఎంచుకోవడం అరుదైన విషయం. నాయుడమ్మ భార్య పవన వైద్యురాలు.

నాటి తోళ్ళ పరిశ్రమ

స్వాతంత్ర్యం వచ్చేనాటికి పశుసంపదలో భారతదేశం ప్రపంచంలోని అగ్రశ్రేణి దేశాలలో ఒకటి. అయినప్పటికీ తోళ్ళ వ్యాపారంలో దేశానికి దక్కిన పాలు స్వల్పం. పచ్చి తోళ్ళు, సగం పదును చేసిన తోళ్ళు ఓడలలో ఐరోపాకు వెళ్ళేవి. అక్కడ వాటిని పూర్తిగా శుద్ధిచేసి, రంగులు వేసి, పాదరక్షలుగానూ సంచులుగానూ మార్చి ఎక్కువ ధరకు అమ్మేవారు. మద్రాసు రాష్ట్రం నుండి వెళ్ళే ఈ సగం పదును తోలుకు ఈస్టిండియా తోలు అని పేరు.

దీని తయారీలో ముఖ్యమైన ముడిపదార్థం తంగేడు చెక్క. నేడు తెలంగాణ రాష్ట్ర పుష్పంగా ఉన్న తంగేడు పూచే చెట్టు ఇదే. దీని బెరడులోను, కరక్కాయలోను ఉండే టానిన్లు చర్మంలోని మాంసకృత్తులతో కలిసి అది కుళ్ళిపోకుండా కాపాడతాయి. పల్లెలలో తోళ్ళు పదును చేసే తొట్లను, ఆ చోటును లంద అంటారు. మోట బొక్కెనలు, చెప్పులు, ఎడ్ల పట్టెడలు మొదలైనవి ఈ లందల నుండి వచ్చిన తోలుతోనే తయారయ్యేవి.

లందలో పనిచేసేవారికి అనుభవజ్ఞానం అపారం. సున్నపు నీటిలో ఎన్ని రోజులు నానవేయాలో, తంగేడు నీరు ఎంత చిక్కగా ఉండాలో వారు చేతితో తాకి, వాసన చూసి చెప్పగలరు. కాని ఋతువు మారితే, నీరు మారితే, పశువు వయసు మారితే సరుకు గుణం మారేది. ఒకసారి వచ్చిన నాణ్యత మరొకసారి వచ్చేది కాదు. ఎగుమతి వ్యాపారానికి కావలసినది ప్రతిసారీ ఒకే విధంగా ఉండే సరుకు. ఆ స్థిరత్వం లేనందువల్ల ధర పడిపోయేది. ఆ నష్టం చివరకు తోలు పని చేసేవాని కూలిపైనే పడేది.

కేంద్ర తోళ్ళ పరిశోధనా సంస్థ

సి.ఎస్.ఐ.ఆర్. క్రింద మద్రాసులోని అడయారులో కేంద్ర తోళ్ళ పరిశోధనా సంస్థకు 1948లో శంకుస్థాపన జరిగింది. దీని మొదటి సంచాలకుడు బి.ఎం. దాస్. అమెరికా నుండి తిరిగి వచ్చిన నాయుడమ్మ ఈ సంస్థలో పరిశోధకుడుగా చేరి, 1958లో సంచాలకుడయ్యాడు. అప్పటికి ఈయన వయస్సు 36 సంవత్సరాలు.

ఈయన కాలంలో సంస్థ పనితీరులో వచ్చిన ప్రధానమైన మార్పు పరిశ్రమతో ప్రత్యక్ష సంబంధం. పరిశోధనా ఫలితాలు పత్రికలలో ప్రచురితమైతే చాలదని, చర్మశుద్ధి కేంద్రంలో అవి పనిచేయాలని ఈయన భావించాడు. నమూనా చర్మశుద్ధి కర్మాగారంలో ప్రయోగాలను పెద్ద మోతాదులో చేసి చూపడం, శాస్త్రవేత్తలు తోళ్ళ కేంద్రాలకు వెళ్ళి అక్కడి సమస్యలను తెలుసుకోవడం, వ్యాపారులకు, పనివారికి శిక్షణ ఇవ్వడం ముమ్మరంగా సాగాయి. మద్రాసు విశ్వవిద్యాలయంతో కలిసి తోళ్ళ సాంకేతిక విద్యకు కూడా సంస్థ కేంద్రమయ్యింది. క్రమంగా ఇది ప్రపంచంలోని పెద్ద తోళ్ళ పరిశోధనా సంస్థలలో ఒకటిగా పేరు పొందింది.

కొల్లాజెన్ మౌలిక నిర్మాణంపై పరిశోధనకు కూడా ఈయన ప్రాధాన్యమిచ్చాడు. మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా 1954-55లో కొల్లాజెన్ అణువు మూడు పేటల తాడువలె మెలిపడి ఉంటుందని ప్రతిపాదించారు. అదే నగరంలో ఉన్న తోళ్ళ సంస్థకు ఈ ఆవిష్కరణ ఎంతో ఉపయోగపడింది. 1960లో ఈ సంస్థ మద్రాసులో కొల్లాజెన్‌పై ఒక గోష్ఠిని నిర్వహించింది.

తయారీ పరిస్థితులు - తోలు గుణము

ఒకే మేక చర్మం నుండి డప్పూ వస్తుంది, చెప్పూ వస్తుంది. డప్పుకు వాడే చర్మాన్ని వెంట్రుకలు తీసి, పచ్చిగా చట్రానికి బిగించి ఆరబెడతారు. అది గట్టిగా, పలుచగా, అర్ధపారదర్శకంగా ఉంటుంది. తేమ తగిలితే వదులై నాదం పోతుంది గనుక వాయించే ముందు మంట దగ్గర కాచుతారు. అదే చర్మాన్ని పదును చేస్తే మెత్తగా, వంగేదిగా, నీటికి కుళ్ళనిదిగా మారుతుంది. రసాయనికంగా రెండింటిలోనూ ఉన్నది కొల్లాజెనే. తేడా అంతా తయారీలోనే ఉన్నది.

పచ్చి చర్మంలో సుమారు 60 నుండి 65 శాతం నీరు, మూడవ వంతు మాంసకృత్తులు ఉంటాయి. కొల్లాజెన్ అణువు పొడవు సుమారు 300 నానోమీటర్లు, మందం ఒకటిన్నర నానోమీటర్లు. ఇటువంటి అణువులు కట్టలు కట్టలుగా చేరి నారలవుతాయి. నారలు అల్లుకొని చర్మమవుతుంది. నారల మధ్య ఖాళీలు ఎంత తెరచుకున్నాయి, వాటిలోనికి పదును చేసే పదార్థం ఎంత లోతుగా పోయింది అనే రెండు విషయాలపై తోలు నాణ్యత ఆధారపడి ఉంటుంది. ముఖ్యమైన దశలు ఇవి:

సున్నం పెట్టడం: సున్నపు నీటి క్షారగుణం వలన వెంట్రుకలు వదులవుతాయి, నారల కట్టలు విడివడతాయి. తక్కువ కాలం ఉంచితే తోలు బిరుసుగా ఉండిపోతుంది. ఎక్కువ కాలం ఉంచితే కొల్లాజెన్ కొంత కరిగిపోయి తోలు బలహీనపడుతుంది.

ఆమ్లంలో ఉంచడం: క్రోమియంతో పదును చేసే ముందు చర్మాన్ని ఉప్పు, గంధకామ్లం కలిపిన నీటిలో ఉంచి పి.హెచ్. విలువను సుమారు 3కు తెస్తారు. ఇక్కడ ఉప్పు తప్పనిసరి. ఉప్పు లేకుండా ఆమ్లం తగిలితే చర్మం నీరు పీల్చుకొని విపరీతంగా ఉబ్బి పాడైపోతుంది.

క్రోమియం పట్టించడం: తక్కువ పి.హెచ్. వద్ద క్రోమియం లవణం కొల్లాజెన్‌తో త్వరగా కలవదు గనుక చర్మం మధ్య వరకు చొచ్చుకొనిపోగలదు. అది లోపలికి చేరిన తరువాత వంటసోడా వంటి క్షారాన్ని కొద్దికొద్దిగా కలిపి పి.హెచ్.ను 4 దరిదాపులకు పెంచుతారు. అప్పుడు క్రోమియం కొల్లాజెన్‌లోని ఆమ్ల సమూహాలతో గట్టిగా బంధమేర్పరచుకుంటుంది. క్షారాన్ని తొందరపడి ఒకేసారి కలిపితే క్రోమియం పైపొరలోనే నిలిచిపోతుంది. పైకి పదునైనట్లు కనిపించిన తోలు కోసి చూస్తే మధ్యలో పచ్చిగా ఉంటుంది.

ఆరబెట్టడం: వేడిలో త్వరగా ఆరిస్తే నారలు ఒకదానికొకటి అంటుకొని తోలు అట్టవలె బిగుస్తుంది. నూనె పట్టించి నెమ్మదిగా ఆరిస్తే మెత్తగా ఉంటుంది.

ఈ దశలన్నీ సరిగా జరిగినవో లేదో తెలుసుకోవడానికి ముడుచుకునే ఉష్ణోగ్రత అనే పరీక్ష ఉన్నది. పచ్చి చర్మాన్ని నీటిలో వేడిచేస్తే సుమారు 60 నుండి 65 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక్కసారిగా ముడుచుకుపోతుంది. చెట్టు బెరడుతో పదును చేసిన తోలు సుమారు 75 నుండి 85 డిగ్రీల వరకు తట్టుకుంటుంది. క్రోమియం బాగా పట్టిన తోలు మరుగుతున్న నీటిలో కూడా ముడుచుకోదు. కొల్లాజెన్ అణువుల మధ్య ఏర్పడిన బంధాల స్థిరత్వానికి ఈ ఉష్ణోగ్రత కొలబద్ద.

లందలో అనుభవంతో తెలిసిన విషయాలను ఈ విధంగా కొలవగల సంఖ్యలుగా మార్చడం వలన ఒకచోట సాధించిన నాణ్యతను మరొకచోట తిరిగి సాధించడం సాధ్యమయ్యింది. నాయుడమ్మ, ఈయన సహచరులు చర్మశుద్ధి రసాయన చర్యలపై చేసిన పరిశోధనల సారాంశం ఇదే.

కొల్లాజెన్‌కు పాలిమర్ల అంటు

1960వ దశకం చివర, 1970వ దశకం తొలి సంవత్సరాలలో నాయుడమ్మ, కె.టి. జోసెఫ్, కె. పాండురంగారావు మొదలైన పరిశోధకులు కొల్లాజెన్‌కు కృత్రిమ పాలిమర్లను అంటుకట్టే పద్ధతులను పరిశీలించారు. మామిడి మొక్కకు వేరొక జాతి కొమ్మను అంటుకట్టినట్లే, కొల్లాజెన్ అణువుపై వినైల్ జాతి పాలిమర్ గొలుసులను పెంచడం ఈ పద్ధతి. సహజ చర్మానికి లేని గుణాలను దానికి కలిగించడం దీని ఉద్దేశము.

ఇందుకు సీరియం అయానులను ప్రేరకంగా వాడారు. ఆమ్ల ద్రావణంలోని సీరియం అయాను కొల్లాజెన్ గొలుసుపై ఉన్న సమూహాల నుండి ఒక ఎలక్ట్రానును గ్రహించి, అక్కడ ఒక చురుకైన స్థానాన్ని కల్పిస్తుంది. మిథైల్ మెథాక్రిలేట్ వంటి చిన్న అణువులు ఆ స్థానం నుండి ఒకదాని వెనుక ఒకటి చేరుతూ గొలుసుగా పెరుగుతాయి.

ఈ చర్యలో కూడా ఫలితాన్ని నిర్ణయించేవి పరిస్థితులే. సీరియం మరీ తక్కువైతే అంటు మొదలు కాదు. ఎక్కువైతే పెరుగుతున్న గొలుసులను అదే మధ్యలో ఆపివేస్తుంది. ఉష్ణోగ్రత పెంచితే చర్య వేగవంతమవుతుంది గాని కొల్లాజెన్ మెలిక విడిపోయే ప్రమాదం ఉన్నది. చిన్న అణువులు కొల్లాజెన్‌ను అంటకుండా తమలో తామే గొలుసులు కట్టడం కూడా జరుగుతుంది. అటువంటి విడి పాలిమర్‌ను తగిన ద్రావణితో కడిగి తీసివేసిన తరువాతనే నిజంగా అంటుకున్నది ఎంతో లెక్క తెలుస్తుంది.

నాయుడమ్మ తరువాత సంస్థకు సంచాలకుడైన ముషి శాంతప్ప కర్నూలు జిల్లాకు చెందిన పాలిమర్ రసాయనశాస్త్రవేత్త. దీనితో తోళ్ళ సంస్థలో పాలిమర్ పరిశోధన మరింత బలపడింది.

ఇంధన ఘటాల పొరలతో పోలిక

నాయుడమ్మ ఇంధన ఘటాలపై పరిశోధన చేసినవాడు కాదు. అయినను ఈయన పనిచేసిన శాస్త్ర సూత్రాలు ఆ రంగంలోనూ వర్తిస్తాయి. ఇంధన ఘటంలో హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులు కలిసి నీరుగా మారుతూ విద్యుత్తును ఇస్తాయి. రెండు వాయువుల మధ్య ఉండే పాలిమర్ పొర ప్రోటాన్లను మాత్రమే దాటనిచ్చి, వాయువులు ఒకదానితో ఒకటి కలవకుండా అడ్డుకోవాలి. 1955లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో థామస్ గ్రబ్ ఇటువంటి పొరను వాడే ఘటాన్ని రూపొందించాడు. 1965లో జెమిని అంతరిక్ష నౌకలో ఈ రకం ఘటాలను ఉపయోగించారు. 1960వ దశకంలో డ్యూపాంట్ సంస్థ రూపొందించిన నాఫియాన్ అనే ఫ్లోరిన్ పాలిమర్ తరువాతి కాలంలో ప్రమాణంగా నిలిచింది.

నాఫియాన్ పొర నీటిని పీల్చుకున్నప్పుడే ప్రోటాన్లను దాటనిస్తుంది. దానిని నీటిలో మరిగిస్తే ఒక్కొక్క సల్ఫానిక్ ఆమ్ల సమూహం చుట్టూ సుమారు 22 నీటి అణువులు చేరుతాయి. అదే పొరను ముందుగా 105 డిగ్రీల వద్ద శూన్యంలో పూర్తిగా ఆరబెట్టి, తరువాత సాధారణ ఉష్ణోగ్రత గల నీటిలో ఉంచితే 12 నుండి 14 అణువులే చేరుతాయి. వేడికి లోపలి నీటి దారులు ముడుచుకుపోవడమే దీనికి కారణం. ద్రావణాన్ని పలుచగా పోసి సాధారణ ఉష్ణోగ్రత వద్ద ఆరబెట్టిన నాఫియాన్ పొర పెళుసుగా ఉండి సులభంగా కరిగిపోతుంది. ఎక్కువ ఉష్ణోగ్రత వద్ద మరిగే ద్రావణిని వాడి వేడిలో తయారుచేసిన పొర దృఢంగా ఉంటుంది. పాలిమర్ ఒకటే, తయారీ వేరు.

అంటు పద్ధతి విషయంలో పోలిక మరింత దగ్గరిది. చవకైన పొరలను పొందడానికి ఫ్లోరిన్ పాలిమర్ పలకలపై గామా కిరణాలను గాని ఎలక్ట్రానులను గాని ప్రసరింపజేసి, వాటిపై స్టైరీన్ గొలుసులను అంటుకట్టి, ఆపైన సల్ఫానిక్ ఆమ్ల సమూహాలను చేరుస్తారు. అంటు రెండు ఉపరితలాల నుండి మొదలై క్రమంగా లోపలికి సాగుతుంది. కిరణాల మోతాదు, ఉష్ణోగ్రత, స్టైరీన్ గాఢత, కాలము తగినంతగా లేకపోతే పొర మధ్యభాగానికి అంటు చేరదు. పైకి అంతా బాగున్నట్లే కనిపించినా మధ్యలో మిగిలిన ఆ భాగం ప్రోటాన్లను అడ్డగించి, ఘటం పనిచేయకుండా చేస్తుంది. క్రోమియం మధ్యకు చేరని తోలుకు పట్టే గతి ఇదే.

భారతదేశంలో ఈ రంగంలో కృషి చేస్తున్న సంస్థలలో సి.ఎస్.ఐ.ఆర్.కు చెందిన కారైకుడిలోని కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధనా సంస్థ, హైదరాబాదు ప్రధాన కేంద్రంగా గల ఏ.ఆర్.సి.ఐ. వారి చెన్నై ఇంధన ఘట కేంద్రం ముఖ్యమైనవి.

సి.ఎస్.ఐ.ఆర్. - కరీంనగర్ ప్రయోగము

1971లో నాయుడమ్మ సి.ఎస్.ఐ.ఆర్. డైరెక్టర్ జనరల్‌గా నియమితుడయ్యాడు. దేశవ్యాప్తంగా ఉన్న జాతీయ ప్రయోగశాలలన్నీ ఈయన బాధ్యతలోనికి వచ్చాయి. తోళ్ళ సంస్థలో అనుసరించిన పద్ధతినే, అనగా పరిశోధనను వాడుకదారుని అవసరంతో ముడిపెట్టే పద్ధతిని, అన్ని ప్రయోగశాలలకు విస్తరింపజేయడానికి ప్రయత్నించాడు.

1970వ దశకంలో చేపట్టిన కరీంనగర్ ప్రయోగము ఈ ప్రయత్నాలలో చెప్పుకోదగినది. నాటి ఆంధ్ర ప్రదేశ్‌లో, నేటి తెలంగాణలో ఉన్న కరీంనగర్ జిల్లాను సి.ఎస్.ఐ.ఆర్. దత్తత తీసుకున్నది. వివిధ ప్రయోగశాలల శాస్త్రవేత్తలు జిల్లాకు వచ్చి, అక్కడ లభించే వనరులను పరిశీలించి, వాటికి తగిన సాంకేతిక పద్ధతులను జిల్లా యంత్రాంగంతో కలిసి ప్రవేశపెట్టాలని ఈ పథకం ఉద్దేశము. ఒక జిల్లాను ప్రమాణంగా తీసుకొని శాస్త్రాన్ని గ్రామాభివృద్ధికి వినియోగించడంలో ఇది తొలి ప్రయత్నాలలో ఒకటి.

ఇదే కాలంలో తోళ్ళ ఎగుమతి విధానం కూడా మారింది. 1972లో ఏర్పడిన సీతారామయ్య సంఘం సిఫారసులను అనుసరించి, సగం పదును చేసిన తోళ్ళ ఎగుమతిపై 1973 నుండి ప్రభుత్వం పరిమితులు విధించింది. పూర్తిగా శుద్ధిచేసిన తోళ్ళను, తోలు వస్తువులను తయారుచేసే పరిశ్రమకు ప్రోత్సాహం లభించింది. దేశంలోనే నాణ్యమైన తోలు తయారుచేయగల సాంకేతిక జ్ఞానం, శిక్షణ పొందిన పనివారు అప్పటికే ఉండడం వలన ఈ మార్పు సాధ్యమయ్యింది. ఆ జ్ఞానాన్ని సమకూర్చడంలో నాయుడమ్మ నాయకత్వంలోని తోళ్ళ సంస్థ పాత్ర గణనీయమైనది.

పర్యావరణ సమస్య

క్రోమియం పద్ధతి విస్తరించడంతో ఒక సమస్య కూడా పెరిగింది. సాధారణ పద్ధతిలో వాడిన క్రోమియంలో మూడింట రెండు వంతుల వరకు మాత్రమే తోలుకు పడుతుంది. మిగిలినది ఉప్పుతో కలిసి మురుగునీటిలో పోతుంది. తమిళనాడులోని పాలారు నది పరీవాహక ప్రాంతంలో వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట పట్టణాల చుట్టూ భూగర్భజలాలు, వ్యవసాయ భూములు దీనివలన పాడయ్యాయి. 1996లో వెల్లూరు పౌరుల సంక్షేమ వేదిక కేసులో సుప్రీంకోర్టు కాలుష్యం చేసినవారే నష్టపరిహారం చెల్లించాలని తీర్పునిచ్చింది. ఆ తరువాత క్రోమియం ఎక్కువ పాలు తోలుకే పట్టేటట్లు చేయడం, మిగిలినదానిని తిరిగి వాడుకోవడం తోళ్ళ పరిశోధనలో ప్రధానాంశాలయ్యాయి. ఇక్కడ కూడా పరిష్కారం తయారీ పరిస్థితులను సరిదిద్దడంలోనే ఉన్నది. పి.హెచ్., ఉష్ణోగ్రత, కాలము సరిగా పాటిస్తే మురుగులోనికి పోయే క్రోమియం తగ్గుతుంది.

ఇతర బాధ్యతలు

1977లో సి.ఎస్.ఐ.ఆర్. పదవి నుండి వైదొలగిన తరువాత నాయుడమ్మ మద్రాసుకు తిరిగి వచ్చి తోళ్ళ సంస్థతో సంబంధం కొనసాగించాడు. 1981లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా నియమితుడై 1982 వరకు ఆ పదవిలో ఉన్నాడు.

అభివృద్ధి చెందుతున్న దేశాలలో శాస్త్ర సాంకేతిక రంగాల విస్తరణకై ఏర్పడిన అంతర్జాతీయ సంఘాలలో ఈయన చురుకుగా పాల్గొన్నాడు. ఐక్యరాజ్యసమితి సంస్థల తరఫున పలు దేశాలకు తోళ్ళ పరిశ్రమ విషయమై సలహాలు అందించాడు. పశుసంపద ఉండి, సాంకేతిక జ్ఞానం లేక ముడితోళ్ళను ఎగుమతి చేసే దేశాలకు భారతదేశపు అనుభవం దగ్గరిది కావడం వలన ఈయన సలహాలకు విలువ ఉండేది.

మరణము

1985 జూన్‌లో నాయుడమ్మ కెనడా వెళ్ళాడు. తిరుగు ప్రయాణంలో మాంట్రియల్ నుండి లండన్ మీదుగా ఢిల్లీకి వస్తున్న ఎయిర్ ఇండియా 182వ నంబరు విమానం ఎక్కాడు. కనిష్క అనే పేరు గల ఆ బోయింగ్ 747 విమానం జూన్ 23న ఐర్లండు తీరానికి సమీపంలో అట్లాంటిక్ మహాసముద్రంపై ఎగురుతుండగా, సామానులో ఉగ్రవాదులు ఉంచిన బాంబు పేలి ముక్కలయ్యింది. విమానంలోని 329 మందీ మరణించారు. అప్పటికి నాయుడమ్మ వయస్సు 62 సంవత్సరాలు.

స్మృతి

తెనాలిలో ఈయన పేరిట ఏర్పడిన స్మారక సంస్థ శాస్త్ర సాంకేతిక రంగాలలో కృషి చేసినవారికి డాక్టర్ యలవర్తి నాయుడమ్మ స్మారక పురస్కారాన్ని అందజేస్తున్నది.

అంతవరకు పరంపరగా సాగిన వృత్తిని హేయంగా చూసిన సమాజంలోనే, ఆ వృత్తిలోని జ్ఞానం శాస్త్రీయ పరిశోధనకు తగినదని ఆచరణలో చూపడం నాయుడమ్మ చేసిన ముఖ్యమైన సేవ. లందలో పనివాడు చేతితో తెలుసుకున్నదీ, ప్రయోగశాలలో ఉష్ణమాపకంతో కొలిచినదీ ఒకే సత్యమని ఈయన గుర్తించాడు. నేడు తోలు తయారీలో గాని, ఇంధన ఘటాల పొరల తయారీలో గాని ప్రతి దశకు ఉష్ణోగ్రత, కాలము, గాఢత నమోదు చేసి, ఫలితాన్ని వాటితో సరిచూడడం సాధారణమైన పద్ధతి. భారతదేశపు తోళ్ళ పరిశ్రమలో ఈ పద్ధతి స్థిరపడడానికి కారకులైనవారిలో నాయుడమ్మ ప్రథముడు.